నిచ్చెన ఇంటిపేరు, కిరీటం లేని ఏలుబడి: వెరోనా ఒక కుటుంబం చేతికి ఎలా వెళ్లింది

ఉత్తర ఇటలీలోని వెరోనా నగరం నడిబొడ్డున శాంతా మరియా అంతీకా అనే చిన్న చర్చి ఉంది. దాని ద్వారం పైన, దారిన పోయేవాళ్లు తలెత్తి చూడవలసిన ఎత్తులో, ఒక రాతి శవపేటిక కనిపిస్తుంది. దాన్ని మోస్తున్నవి రాతి కుక్కలు. వాటి ముంగాళ్ల మధ్య డాలు, డాలు మీద నిచ్చెన. ఆ పేటికలో పడుకున్నవాడి పేరు కాన్‌గ్రాందే, అంటే పెద్ద కుక్క. అతని పెదనాన్న పేరు మస్తీనో, కాపలా కాసే భారీ జాతి కుక్క పేరు అది. అతని అన్న మనవడు కాన్‌సిన్యోరియో, అంటే కుక్కదొర. మన భాషలో తిట్టుగా వాడే మాటను ఆ కుటుంబం గర్వంగా పిల్లలకు పెట్టుకుంది, శిరస్త్రాణాల మీద చెక్కించుకుంది. ఇక ఇంటిపేరు దెల్లా స్కాలా, అంటే నిచ్చెనవారు. నిచ్చెనమెట్ల అనే ఇంటిపేరు మనలోనూ ఉంది కనుక తెలుగువారికి ఇది వింతగా తోచదు.

ఈ నిచ్చెనవారు 1260 ప్రాంతం నుంచి 1387 వరకు, దాదాపు నూట పాతికేళ్లు వెరోనాను ఏలారు. ఒక దశలో తొమ్మిది నగరాలు వాళ్ల చేతి కింద ఉన్నాయి. అయినా వాళ్లలో ఒక్కరు కూడా రాజు కాలేదు. సింహాసనం లేదు, పట్టాభిషేకం లేదు. మరి వాళ్ల అధికారానికి కాగితం మీద ఉన్న పేరేమిటి? ఈ కుటుంబం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ప్రశ్న దగ్గరే అసలు చిక్కుముడి కనిపిస్తుంది. వాళ్లు ఎలా పైకి వచ్చారో, చివరికి అన్నదమ్ములే ఒకరినొకరు ఎందుకు పొడుచుకున్నారో రెండింటికీ జవాబు అక్కడే ఉంది.

ముందు ఆ కాలపు నగరాల తీరు చూడాలి. ఉత్తర ఇటలీ పేరుకు పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో భాగం. చక్రవర్తి మాత్రం ఆల్ప్స్ పర్వతాలకు అవతల, జర్మన్ గడ్డ మీద ఉండేవాడు. ఎప్పుడో ఒకసారి సైన్యంతో దిగివచ్చి, కప్పం అడిగి, తిరిగి వెళ్లిపోయేవాడు. నగరాలు ఏకమై ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తిని ఎదిరించి, 1183లో కాన్‌స్టన్స్ ఒప్పందంతో తమ అధికారులను తామే ఎన్నుకునే హక్కు సంపాదించుకున్నాయి. ఈ నగర స్వపరిపాలనకు కొమూనె అని పేరు.

స్వపరిపాలన అంటే పెద్దమనుషులు ప్రశాంతంగా కూర్చున్న సభ అనుకుంటే పొరపాటే. కలిగిన కుటుంబాలు ఇంటిని ఆనుకుని రాతి బురుజులు కట్టుకుని, వీధుల్లోనే యుద్ధాలు చేసుకునేవి. ఏ ఒక్క కుటుంబానికి పగ్గాలు ఇచ్చినా రెండో కుటుంబం ఊరుకోదు. అందుకని నగరాలు ఒక ఉపాయం కనిపెట్టాయి. పొరుగూరి నుంచి జీతానికి ఒక పాలకుణ్ణి తెచ్చుకునేవి. అతణ్ణి పొదెస్తా అనేవారు. సాధారణంగా ఏడాది పదవి. గడువు తీరాక లెక్కలు అప్పగించి, తనిఖీ పూర్తయితేనే ఊరు దాటాలి. ఈ ఏర్పాటు గురించి చదివినప్పుడు నాకు గౌరవం కలుగుతుంది. తమలో ఎవరినీ తాము నమ్మలేమని ఒప్పుకుని, ఆ అపనమ్మకం నుంచే ఒక నియమాన్ని తయారు చేసుకున్న సమాజాలు చరిత్రలో తక్కువ.

కొంతకాలానికి వర్తకులు, చేతివృత్తులవారు బలం పుంజుకున్నారు. కులీనులకు పోటీగా తామే ఒక సంస్థగా ఏర్పడ్డారు. తమను 'పోపొలో', అంటే జనం, అని పిలుచుకున్నారు. వాళ్ల నాయకుడికి 'జనం కెప్టెన్' అని పదవి. ఈ పేరును గుర్తుపెట్టుకోవాలి, మన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో రెండు మాటలు కూడా పాఠకులను తికమక పెడతాయి: గ్వెల్ఫులు, గిబెల్లీనులు. పోప్ పక్షం గ్వెల్ఫులు, చక్రవర్తి పక్షం గిబెల్లీనులు అని చెప్పడం సూత్రంగా సరైనదే. ఆచరణలో అది చాలావరకు పొరుగువాడి మీద ఆధారపడిన విషయం. పక్క ఊరు గ్వెల్ఫు అయితే మన ఊరు గిబెల్లీను. మన ఊళ్లో ఓడిపోయిన వర్గం పక్క ఊరికి పారిపోయి అక్కడివారి జెండా పట్టుకునేది. సిద్ధాంతం కన్నా పాత పగ బలమైనది.

వెరోనా ఈ సుడిలో పడి ఎజ్జెలీనో ద రొమానో అనే సేనాని గుప్పిట్లోకి వెళ్లింది. రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి అండతో అతడు ఆ నగరాన్ని ఇరవై ఏళ్లకు పైగా శాసించాడు. అతని క్రూరత్వం ఎంత పేరుమోసిందంటే, కవి డాంటే తన కావ్యంలో అతణ్ణి నరకంలో మరిగే నెత్తుటి నదిలో ముంచాడు. 1259లో యుద్ధంలో తగిలిన గాయాలతో ఎజ్జెలీనో చనిపోయాడు. మరుసటి ఏడాది శత్రువులు అతని తమ్ముడి కుటుంబాన్ని పిల్లలతో సహా చంపేశారు.

ఎజ్జెలీనో పోవడంతో ఏర్పడిన ఖాళీలోకి మొదటి మస్తీనో దెల్లా స్కాలా వచ్చాడు. కోటలూ గ్రామాలూ తరతరాలుగా అనుభవించిన పాత భూస్వామ్య వంశం కాదు అతనిది. నగరంలో పెరిగి, వర్తక సంఘాలతో అల్లుకుపోయిన కుటుంబం. మొదట పొదెస్తా అయ్యాడు. 1262లో జనం కెప్టెన్ అయ్యాడు. తర్వాత పొదెస్తా కుర్చీలో ఎవరు కూర్చున్నా ఊరి మాట మస్తీనో మాటే. ప్రత్యర్థి పక్షానికి నాయకులైన శాన్ బొనిఫాచో ప్రభువులు ఊరు విడిచి ప్రవాసం పోయారు.

1277 అక్టోబరు 26న మస్తీనోను కుట్రదారులు అతని ఇంటి దగ్గరే చంపారు. తమ్ముడు అల్బెర్తో అప్పుడు మాంతువా నగరంలో పొదెస్తాగా ఉన్నాడు. హుటాహుటిన తిరిగి వచ్చాడు. మరుసటి రోజే నగరం అతణ్ణి జీవితకాలానికి కెప్టెన్‌గా ఎన్నుకుంది. నగర శాసనాలను తన ఇష్టప్రకారం మార్చే, చేర్చే, తీసివేసే అధికారం కూడా ఇచ్చింది.

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఏ సైన్యమూ గోడలు బద్దలుకొట్టి రాలేదు. సభ కూడింది, పద్ధతి ప్రకారం తీర్మానం జరిగింది, కొమూనె సంస్థలన్నీ అలాగే ఉన్నాయి. పొదెస్తాలు ఆ తర్వాత కూడా వస్తూ పోతూ ఉన్నారు. మారిందల్లా ఒక్కటే: ఏడాదికోసారి వెనక్కి తీసుకోగలిగిన అధికారాన్ని జనం ఒకేసారి ఇచ్చేశారు, తిరిగి తీసుకునే దారి మాత్రం రాసుకోలేదు. ఇటాలియన్‌లో ఈ పద్ధతిని సిన్యోరియా అంటారు. మన మాటల్లో దానికి 'దొరతనం' అన్నది చక్కగా సరిపోతుంది. మిలాన్‌లో విస్కోంతిలు, ఫెర్రారాలో ఎస్తేలు, పాదువాలో కర్రారాలు కూడా ఇంచుమించు ఈ తోవలోనే దొరలయ్యారు.

ఆ పౌరులను అమాయకులని నేను అనలేను. ఎజ్జెలీనో కాలాన్ని చూసినవాళ్లు వాళ్లు. ప్రతి ఎన్నికకూ వీధుల్లో నెత్తురు, ఓడినవారి ఇళ్లు నేలమట్టం, ఆస్తులు జప్తు. జర్మనీ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా దిగి, ఆదిజే నది లోయ వెంట వచ్చే వ్యాపారమంతా వెరోనా ముంగిట నుంచే పోవాలి. దారి ప్రశాంతంగా ఉంటే చాలు, ఉన్ని సంఘం, వర్తకుల సంఘం బతికిపోతాయి. అల్బెర్తో వాళ్లకు ఆ ప్రశాంతతను ఇచ్చాడు. 1301లో అతడు రాతితో కట్టించిన వర్తక సంఘ భవనం ఇప్పటికీ వెరోనా మార్కెట్ కూడలిలో నిలిచి ఉంది.

ఆ ప్రశాంతతకు మూల్యం కట్టినవారూ ఉన్నారు. పోప్ వ్యతిరేక పక్షంలో నిలిచినందుకు నగరం మీద చర్చి ఆగ్రహం ఉంది. దాన్ని చల్లార్చడానికి స్కాలా సోదరులు గార్దా సరస్సు ఒడ్డున సిర్మియోనెలో తలదాచుకున్న, చర్చి మతద్రోహులుగా ఎంచిన కాథర్లు అనే మతశాఖవారిని 1276లో పట్టి తెచ్చారు. 1278లో రోమన్ల కాలపు రంగస్థలం అరేనాలో సుమారు రెండు వందల మందిని సజీవంగా దహనం చేశారు. ఇప్పుడు వేసవి రాత్రుల్లో వేలమంది కూర్చుని ఒపెరా వినే చోటు అదే. అల్బెర్తో చర్చి వ్యవస్థను కూడా ఇంటి సొత్తుగానే చూశాడు. పెళ్లికి వెలుపల పుట్టిన తన కొడుకు జుసెప్పెను ప్రసిద్ధమైన శాన్ జేనో మఠానికి అధిపతిని చేశాడు. డాంటే ఈ విషయాన్ని తన కావ్యంలో నేరుగా ఎత్తిచూపి, ఆ తండ్రి దీనికి త్వరలోనే ఏడుస్తాడని రాశాడు. అదే కుటుంబం తనకు ఆశ్రయం ఇచ్చిందన్న మొహమాటం ఆయనకు అడ్డు రాలేదు.

అల్బెర్తో తర్వాత కొడుకులు బర్తొలొమేయో, అల్బొయీనో, కాన్‌గ్రాందే వరసగా దొరలయ్యారు. ఈ తరంలో అధికారానికి రెండో కాలు మొలిచింది. 1310లో జర్మన్ రాజు, కాబోయే చక్రవర్తి ఏడో హెన్రీ ఇటలీకి దిగివచ్చాడు. 1311లో అల్బొయీనో, కాన్‌గ్రాందేలను వెరోనాలో తన ప్రతినిధులుగా నియమించాడు. అంటే జనం ఇచ్చిన పదవికి చక్రవర్తి ముద్ర తోడయింది. అదే ఏడాది అల్బొయీనో చనిపోవడంతో ఇరవై ఏళ్ల కాన్‌గ్రాందే ఒక్కడే మిగిలాడు.

ఈ ముద్రకు ఎంత విలువ ఉందో కాన్‌గ్రాందే మొండితనంలోనే తెలుస్తుంది. 1313లో హెన్రీ చనిపోయాక, చక్రవర్తి లేని కాలంలో ఆయన నియమించిన ప్రతినిధులకు అధికారం లేదని పోప్ ఇరవై రెండో జాన్ ప్రకటించాడు. కాన్‌గ్రాందే ఆ బిరుదును వదలనన్నాడు. 1318లో పోప్ అతణ్ణి చర్చి నుంచి వెలివేశాడు. అదే ఏడాది లొంబార్దీ గిబెల్లీనుల కూటమి అతణ్ణి తమ సేనాధిపతిగా ఎన్నుకుంది. జనం తీర్మానం ఒక్క వెరోనాకే పరిమితం. చక్రవర్తి ప్రతినిధి అయితే విచెంజా మీదికీ పాదువా మీదికీ వెళ్లడానికి ఒక సాకు ఉంటుంది. ఇతర నగరాలను ఆక్రమించేవాడికి ఆ బిరుదు ఆత్మగౌరవం కోసం కాదు, అవసరం కోసం.

ఆ కాలంలోనే ఇద్దరు కవులు ఈ ఒక్క మనిషిని రెండు వేర్వేరు కళ్లతో చూశారు. 1302లో ఫ్లోరెన్స్ నుంచి బహిష్కృతుడైన డాంటేకు మొదటి ఆశ్రయం వెరోనాలో దొరికింది. ఆ కృతజ్ఞతను ఆయన స్వర్గకాండలో చెప్పుకున్నాడు. నిచ్చెన మీద పవిత్ర పక్షిని, అంటే సామ్రాజ్యపు గద్దను, ధరించే లొంబార్దీ మహనీయుడి మర్యాదే నీకు తొలి ఆశ్రయం అవుతుందని పూర్వికుడి నోట పలికించాడు. కాన్‌గ్రాందే ఔదార్యాన్ని అక్కడే పొగిడాడు. అయితే దానికి కొద్ది పంక్తుల ముందే, పరుల రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో, పరుల ఇంటి మెట్లు ఎక్కి దిగడం ఎంత కష్టమో నీకు తెలుస్తుందన్న మాటలున్నాయి. ఇటాలియన్‌లో మెట్లకూ నిచ్చెనకూ ఒకటే మాట: స్కాలా. పొగడ్తకు అంత దగ్గరలో ఆ నొప్పి ఉండటం యాదృచ్ఛికమని నేను నమ్మలేను.

రెండో కవి పాదువాకు చెందిన అల్బెర్తీనో ముస్సాతో. 1314లో విచెంజా దగ్గర యుద్ధంలో గాయపడి కాన్‌గ్రాందేకు బందీగా చిక్కాడు. తిరిగి వచ్చాక ఎజ్జెలీనో దౌర్జన్యాల మీద లాటిన్‌లో ఒక విషాద నాటకం రాశాడు. ఆ ఎజ్జెలీనోలో వెరోనా దొరను చూడమని పాదువా వాసులకు ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేకపోయింది. 1315లో వాళ్లు ముస్సాతోకు లారెల్ ఆకుల కిరీటం పెట్టి సన్మానించారు. అయినా 1328 సెప్టెంబరులో, తమలో తాము కొట్టుకుని అలసిపోయిన పాదువా కాన్‌గ్రాందే చేతికే వెళ్లింది. బయటివాడైనా సరే, ఈ కొట్లాట ఆపేవాడు చాలనుకునే స్థితికి ఆ నగరం కూడా చేరింది. వెరోనా యాభై ఏళ్ల ముందు నడిచిన దారి అదే.

1329 జులై 18న కాన్‌గ్రాందే త్రెవీజో నగరంలోకి విజేతగా ప్రవేశించాడు. నాలుగు రోజులకు, 38 ఏళ్ల వయసులో, కడుపు నొప్పితో, వాంతులతో చనిపోయాడు. చల్లని ఊట నీళ్లు తాగినందువల్లే అని అప్పట్లో చెప్పుకున్నారు. 2004లో ఇటలీ శాస్త్రవేత్తలు సమాధి తెరిచి, సహజంగా ఎండి నిలిచిపోయిన దేహాన్ని పరీక్షించారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అతని కాలేయంలో, పేగుల్లో డిజిటాలిస్ అనే మొక్క విషం ప్రాణాంతక స్థాయిలో ఉంది. ఆ మొక్క పుప్పొడితో పాటు చామంతి జాతికి చెందిన చామొమిల్లా ఆనవాళ్లు, మల్బరీ ఆనవాళ్లు కూడా దొరికాయి. మందు కషాయంలో కలిపి తాగించారన్నమాట. కావాలనే చేశారా, వైద్యుడి పొరపాటా అన్నది శాస్త్రం తేల్చలేదు. అతని వైద్యుల్లో ఒకరిని వారసుడు ఉరి తీయించాడని మాత్రం చెబుతారు.

కాన్‌గ్రాందేకు భార్య వల్ల కొడుకులు లేరు. పెళ్లికి వెలుపల పుట్టినవారు ఉన్నారు. వాళ్లను పక్కనపెట్టి అల్బొయీనో కొడుకులు రెండో అల్బెర్తో, రెండో మస్తీనో ఉమ్మడి దొరలయ్యారు. పగ్గాలు మస్తీనోవే. బ్రెషా, పార్మా, లూక్కాలను కలుపుకుని రాజ్యాన్ని ఆల్ప్స్ అంచు నుంచి తస్కనీ దాకా సాగదీశాడు. తన నగరాల నుంచి ఏటా ఏడు లక్షల బంగారు ఫ్లోరిన్ల ఆదాయం ఉండేదనీ, క్రైస్తవ రాజుల్లో ఫ్రాన్స్ రాజుకు తప్ప అంత రాబడి లేదనీ ఫ్లోరెన్స్ చరిత్రకారుడు జొవాన్నీ విల్లానీ రాశాడు. మస్తీనో రాజు కావాలని రత్నాల కిరీటం కూడా చేయించుకున్నాడని ఆయనే రాశాడు. విల్లానీ శత్రు నగరంవాడు కనుక అంకెను యథాతథంగా తీసుకోనక్కరలేదు. కానీ కిరీటం మాట నాకు నమ్మశక్యంగానే ఉంది. ఆ కుటుంబానికి లేనిది అదొక్కటే.

పతనం ఉప్పు దగ్గర మొదలైంది. ఉప్పు వ్యాపారం వెనిస్‌కు ప్రాణం. మస్తీనో వెనిస్ కడలి అంచున సొంత ఉప్పు మడులకు దిగాడు, పో నది మీద పోయే సరుకుకు సుంకం వేశాడు. మరోపక్క ఫ్లోరెన్స్‌కు ఇస్తానన్న లూక్కాను తానే అట్టిపెట్టుకున్నాడు. 1336లో వెనిస్, ఫ్లోరెన్స్ చేతులు కలిపాయి. మరుసటి ఏడాది మిలాన్ విస్కోంతిలు కూడా చేరారు. గ్వెల్ఫు ఫ్లోరెన్స్ పక్కన గిబెల్లీను మిలాన్ నిలబడి, గిబెల్లీను వెరోనా మీద యుద్ధం చేసింది. పక్షాల పేర్లు ఎంత పలచబడ్డాయో దీనికన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1337లో పాదువా చేజారింది, అల్బెర్తో బందీ అయ్యాడు. 1338లో తన బంధువే అయిన వెరోనా బిషప్‌ను కుట్ర చేశాడన్న అనుమానంతో మస్తీనో నడివీధిలో తన చేత్తో పొడిచి చంపాడు. 1339లో సంధి. త్రెవీజో వెనిస్‌కు వెళ్లింది, పార్మా, లూక్కా రెండేళ్లలో పోయాయి. వెరోనా, విచెంజా మిగిలాయి.

ఆ తర్వాతి కథను నగరంలోని కట్టడాలే చెబుతాయి. కాన్‌గ్రాందే కాలంలో దొరల నివాసం ఊరి మధ్యలో, కొమూనె భవనం పక్కనే ఉండేది. మస్తీనో కొడుకు రెండో కాన్‌గ్రాందే ఊళ్లో లేని సమయంలో, 1354 ఫిబ్రవరిలో, పెళ్లికి వెలుపల పుట్టిన సోదరుడు ఫ్రెన్యానో తిరుగుబాటు చేశాడు. దాన్ని అణచివేసి ఫ్రెన్యానోను చంపాక రెండో కాన్‌గ్రాందే కట్టించినదే కాస్తెల్‌వెక్యో అనే కోట. ఆ కోటకు నది మీదుగా సొంత వంతెన ఉంది. దాని అవతల ఉత్తరానికి, భార్య పుట్టింటివారున్న జర్మన్ దేశాలకు పోయే దారి. జనం ఎన్నుకున్న కెప్టెన్ మునిమనవడు జనం నుంచి పారిపోవడానికి దారి కట్టుకున్నాడు. 1945 ఏప్రిల్‌లో వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యం ఆ వంతెనను పేల్చేసింది. వెరోనా వాసులు నదిలో పడిన రాళ్లను, ఇటుకలను ఏరి మళ్లీ అలాగే నిలబెట్టారు.

కోట అతణ్ణి కాపాడలేదు. 1359 డిసెంబరు 14న తమ్ముడు కాన్‌సిన్యోరియో అతణ్ణి వీధిలో పొడిచి చంపి పాదువాకు పారిపోయాడు. కొద్ది రోజులకే తిరిగి వచ్చాడు. జనం అతణ్ణి, ఇంకో తమ్ముడు పావొలో అల్బొయీనోను దొరలుగా ఆమోదించారు. కాన్‌సిన్యోరియో ఆ తమ్ముణ్ణి చెరలో వేశాడు. 1375లో తాను మరణశయ్య మీద ఉండి, తన కొడుకులకు అడ్డు రాకూడదని తమ్ముణ్ణి చెరలోనే చంపించాడు. ఆ కొడుకులిద్దరిలో అంతోనియో 1381లో అన్న బర్తొలొమేయోను హత్య చేయించాడు.

దాయాదుల పోరు ఏ రాజవంశానికైనా ఉంటుందనవచ్చు. స్కాలా ఇంట్లో దానికి ప్రత్యేకమైన కారణం ఉంది. రాజ్యానికైతే పెద్దకొడుకుదో, మరొకరిదో, ఎవరిదో ఒక హక్కు అనే నియమం ఉంటుంది. దాన్ని అతిక్రమించినవాడు దొంగ అవుతాడు. జనం కెప్టెన్ అన్నది పదవి. పదవికి వారసత్వ నియమం ఉండదు, ఎన్నిక ఉంటుంది. చక్రవర్తి ప్రతినిధిత్వమూ అంతే, ఎవరికి ఇస్తే వారిది. సోదరులందరూ సమాన హక్కుదారులే, పెళ్లికి వెలుపల పుట్టినవారితో సహా. చివరికి సభాస్థలిలో బతికి నిలబడ్డవాడికే ఆమోదం దక్కుతుంది. 1277లో హత్య జరిగిన మరునాడు సభ ఆమోదం తెలిపింది. 1359లో హంతకుడికే ఆమోదం తెలిపింది. తీర్మానం అదే, పద్ధతి అదే. తిరిగి తీసుకునే దారి రాసుకోని జనం చేతిలో ఇక మిగిలింది చప్పట్లు కొట్టడమే.

అన్నను చంపిన అంతోనియోకు ఊళ్లో అభిమానం మిగలలేదు. పాదువాతో యుద్ధానికి దిగి 1387 మార్చిలో కస్తన్యారో దగ్గర, పాదువా కొలువులో ఉన్న ఇంగ్లిష్ కిరాయి సేనాని జాన్ హాక్‌వుడ్ చేతిలో చిత్తుగా ఓడాడు. అక్టోబరులో మిలాన్ దొర జాన్ గలెయాజ్జో విస్కోంతి మనుషులు నగరంలోకి వస్తుంటే అతడు రాత్రికి రాత్రే వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. 1404లో రెండో కాన్‌గ్రాందే కొడుకు గుల్యెల్మో పాదువా సాయంతో వెరోనాకు తిరిగి వచ్చి దొర అనిపించుకున్నాడు గానీ కొద్ది రోజులకే ప్రాణం విడిచాడు. 1405లో నగరం వెనిస్‌కు లొంగింది.

గుల్యెల్మో కొడుకు బ్రూనొరో చక్రవర్తి సిగిస్మండ్ కొలువులో చేరి, వెరోనాకు, విచెంజాకు చక్రవర్తి ప్రతినిధినన్న పత్రం సంపాదించాడు. కాన్‌గ్రాందే ఏ బిరుదు కోసం వెలివేతను భరించాడో అదే బిరుదు. దాన్ని చదివి వినిపించడానికి మాత్రం అతనికి ఊరు లేదు. మిగిలినవారు బవేరియాలో స్థిరపడి అక్కడి కులీనుల్లో కలిసిపోయారు. ఇంటిపేరును జర్మన్‌లోకి మార్చుకుని ఫాన్ డేర్ లైటర్ అయ్యారు. లైటర్ అంటే నిచ్చెన. 1598లో ఆ శాఖలో చివరి మగవాడు చనిపోయాడు.